మూలగదిలో సముద్రం

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి, పన్నెండింటికల్లా సముద్రాన్ని పూర్తిచేసి, ఇంటికొచ్చి బట్టలు నానబెట్టుకోవాలన్నది చిట్టి వాళ్లమ్మ పథకం. మర్నాడే బడి తెరుస్తారు. ఒకటో తరగతి గదిని సముద్రంలా అలంకరిస్తే కొత్తగా చేరే పిల్లలు బెదరరని టీచరుకు ఆలోచన వచ్చి, తల్లుల్లో ఎవరైనా సాయం చేస్తారా అని అడిగింది. మిగతా తల్లులు నేలచూపులు చూశారు. చిట్టి వాళ్లమ్మకు కాదనడం రాదు కాబట్టి తల ఊపేసింది. పైగా బడి అన్న మాట చెవిన పడితే చాలు, మంచం కింద దూరే కూతురు ఆమెది. సోమవారం ఆ పిల్ల ఏడవకుండా గడప దాటితే చాలు, ఈ ఏడాదికి ఇంకేమీ కోరనని ఆమె తనలో తాను ఒప్పందం చేసుకుంది.

వారం రోజులు ఇంట్లో ఎక్కడ చూసినా చేపలే. అట్టపెట్టెలు కోసి ముప్పై ఆరు చేపలు చేసింది. నీలం దుప్పటి చింపి అలలు కుట్టింది. మొగుడి పాత మేజోళ్లలో దూది కుక్కి ఆక్టోపస్ కాళ్లు తయారుచేసింది. పాతవి ఏడే దొరికాయి. ఎనిమిదో కాలికి అతను ఆ రోజు వేసుకెళ్లడానికి తీసి పెట్టుకున్నది వాడేసింది.

అత్తగారు చేపల మధ్య చోటు చేసుకుని కూర్చుని, "అయిదుతో ఆపేసినదానివి, నీకెందుకే బడి పెత్తనాలు?" అంది.

ఆ మాట ముల్లులా దిగింది. తన చదువు అయిదో తరగతితో ఆగిందని బడిలో ఎవరికీ తెలియకూడదన్నదే ఆమె బెంగ. తెలిస్తే రేపు పిల్లను కూడా అదే కంటితో చూస్తారని భయం. అందుకే టీచరును ఏదీ రెండోసారి అడగదు. అడిగితే బండారం బయటపడుతుందని.

గది ఏదని కూడా అడగలేదు. అడగడానికేముంది? తను చదివింది ఆ బడే. ఒకటో తరగతంటే వరండా చివర, కుళాయి పక్కనున్న మూలగది. కళ్లకు గంతలు కట్టినా వెళ్లగలదు. నాలుగేళ్ల కిందట ఒకటో తరగతిని గేటు పక్క రేకుల గదిలోకి పంపేసి, మూలగదిని బడి నడిపే పెద్ద మేడం తన ఆఫీసుగదిగా తీసుకుందని ఆమెకు తెలియదు. చూసి తెలుసుకుందామన్నా వీలు లేదు. రంగులు వేస్తున్నారని తలుపుల మీది బోర్డులన్నీ పీకేశారు. సామాన్లన్నీ వరండాలో గుట్టగా పోసి బరకాలు కప్పారు. అన్నీ ఖాళీ గదులే.

మూలగదిలో పెయింటర్ మీగడరంగు కలుపుకుంటున్నాడు. గోడ నీలంగా ఉంటే చేపలు బాగా కనిపిస్తాయేమోనని ఆమె నసుగుతూ చెప్పింది. ఆ వారంలోనే పెద్ద మేడం మూడుసార్లు రంగు మార్పించింది. అప్పటినుంచి ఎవరు ఏ రంగన్నా ఎందుకని అడగడం అతను మానేశాడు.

"నీలమంటే గేటుకు తెచ్చిన డబ్బా ఒక్కటే ఉందమ్మా. బాగా ముదురు. పర్లేదా?"

"సముద్రం ముదురుగానే ఉంటుంది కదన్నా."

ఆ రంగు ఆరేసరికి సాయంత్రమైంది. పన్నెండింటి పథకం అక్కడే మునిగిపోయింది. చేపలు అంటించి, అలలు కట్టి, ఆక్టోపస్‌ను కొక్కానికి వేలాడదీస్తుంటే వాచ్‌మన్ తొంగిచూశాడు. పెద్ద మేడం గదిలో ఆక్టోపస్ ఎందుకో అతనికి అర్థం కాలేదు. అయితే ఎవరూ చెప్పకముందే పని అందుకుంటాడని అతనికి పేరు. ఆ పేరు చెడగొట్టుకోవడం ఇష్టం లేక ఒక్కటే ప్రశ్న వేశాడు.

"చిన్న బెంచీలు ఇక్కడికేనా?"

"ఇక్కడికే బాబాయ్. ఇంకెక్కడికి?"

దాంతో అతనికి లెక్క కుదిరింది. చిన్న బెంచీలు ఇక్కడికైతే పెద్ద బల్ల అక్కడికి. పెయింటర్‌ను ఓ చెయ్యి వేయమని, పెద్ద మేడం బల్లను, ఇనప బీరువాను, చక్రాల కుర్చీని రేకుల గదికి చేర్చాడు. తర్వాత గుమాస్తాకు ఫోన్ చేసి గదులు మారాయని చెప్పాడు. గుమాస్తా చాలాసేపు ఆలోచించాడు. ఆవిడ ఈ బడిలో ఉన్నంతకాలం ఆ మూలగదిని వదలదు. వదిలిందంటే బడినే వదులుతోందన్నమాట. చీకటి పడేలోగా టీచర్లందరికీ పెద్ద మేడం బదిలీ కబురు అందింది. అందరూ కలిసి ఒక పూలగుత్తి, ఒక గోడగడియారం తెప్పించారు.

సోమవారం పొద్దున పెద్ద మేడం గేటు దాటేసరికి టీచర్లు బారులు తీరి ఉన్నారు. బడి తెరిచిన రోజు కదా, మర్యాద నేర్చుకున్నారనుకుంది. అయిదో తరగతి టీచరు కళ్లు తుడుచుకుంటూ, మీరు లేని ఈ బడిని ఊహించుకోలేమని మొదలుపెట్టి, ఆవిడ కోపం వెనక వెన్నలాంటి మనసుందని ముగించింది. చేతిలో పూలగుత్తి పెట్టాక గానీ అది వీడ్కోలని ఆవిడకు అర్థం కాలేదు. తనకు తెలియకుండా తన బదిలీ ఎప్పుడు జరిగింది? పూలగుత్తి పట్టుకునే పైవాళ్లకు ఫోన్ చేయడానికి తన గదికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

తన కుర్చీ ఉండాల్సిన చోట ఆక్టోపస్ ఊగుతోంది. దాని కింద ముప్పైమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు.

"ఎవరిదీ పని?"

పెయింటర్ వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా గోడగడియారం వైపు చూశాడు. చిట్టి చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లమ్మకు అప్పుడే సంగతి బోధపడింది. వెనక్కి తిరిగి వరండా దాటితే గేటు. కానీ పిల్ల చెయ్యి చేతిలో ఉంది. దానికి మొదటిరోజే పారిపోవడం ఎలా నేర్పుతుంది?

"నేనేనండీ," అంది.

"నన్నో, మీ టీచర్నో ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే చదువుకోలేదని తెలిసిపోతుందనుకున్నానండీ. నేను ఇక్కడే అయిదుదాకా చదివాను. అప్పుడు ఇదే ఒకటో తరగతి." కొంగు నడుముకు దోపింది. "సాయంత్రానికల్లా అంతా తుడిచేస్తానండీ. మా పిల్లను మాత్రం ఏమీ అనకండి."

పెయింటర్ గొంతు సవరించుకున్నాడు. "తుడిస్తే పోదమ్మా. అది గేటు రంగు."

ఈ మాటల మధ్య చిట్టి తల్లి చెయ్యి ఎప్పుడు వదిలిందో ఎవరూ చూడలేదు. ముందు బెంచీ ఎక్కి, ఆక్టోపస్ కాలొకటి పట్టుకుని, పక్కనున్న పిల్లతో, "ఇది మా నాన్నది. ఆయన ఇంకో కాలితో ఆఫీసుకెళ్లాడు," అని చెబుతోంది. పక్కపిల్ల ఏడుపు ఆపి వింటోంది. చిట్టి వాళ్లమ్మకు తిట్లు పడబోతున్నాయన్న సంగతే ఆ క్షణం గుర్తులేదు.

పెద్ద మేడం గదిలోకి చూసింది. చేతిలోని పూలగుత్తిని చూసింది. వెనక ఇంకా కళ్లు తుడుచుకుంటున్న టీచర్లను చూసింది. పొరపాటని తేల్చేస్తే ఆ పొగడ్తలన్నీ తిరిగిచ్చేయాలి.

"గదులు నేనే మార్పించాను," అంది గట్టిగా. "చిన్నపిల్లలకు కుళాయి దగ్గరుండాలి. బదిలీ అని ఎవరికి తోచిందో వాళ్లు తర్వాత నన్ను కలవండి." తర్వాత చిట్టి వాళ్లమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఈసారి నుంచి అడగండమ్మా. అడిగితే చదువు లేనట్టు కాదు. చదువుకుని అడగనివాళ్లతోనే నాకు చావొచ్చింది."

పూలగుత్తితో సహా ఆవిడ రేకుల గదికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ గది ఉక్కకు పిల్లలు వాడిపోతున్నారని, ఒక్క ఫ్యానైనా పెట్టించమని ఒకటో తరగతి టీచరు రెండేళ్లుగా అర్జీలు పెడుతుంటే, ఆ వయసు పిల్లలకు ఉక్క తెలియదని రాసి తిప్పిపంపింది ఆవిడే. ఆ రోజు భోజనాల గంట కొట్టేలోపే అక్కడ రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.