లారీ అనగా

మే నెల ఇరవయ్యో తారీకు మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి పెచ్చెట్టి భీమశంకరం లారీ అని తేలింది. అదే విచారణలో, అదే కాగితం మీద, లారీనంటూ వచ్చిన ఒక పికప్పు బండి కారు అని తేలింది. రెండింటి కిందా ఒకే అధికారి సంతకం, ఒకే ముద్ర ఉన్నాయి కాబట్టి ఒకటి ఒప్పుకుని రెండోది ఒప్పుకోను అనడానికి వీల్లేదు.

రావులపాలెం దాటాక హైవే పక్కనున్న వాహన తత్త్వ నిర్ధారణ కార్యాలయంలో ఇలాంటివి కొత్తేమీ కాదు. ఏ బండి ఏమిటో కంటితో చూసి చెప్పే రోజులు పోయాయి కనుక ఆ పని ఒక ఆఫీసుకి అప్పగించారు. కిందటేడు పద్నాలుగు మంది బడిపిల్లలు ఎక్కిన ఆటో బస్సని తేలింది. ఒక పెద్దమనిషి కారు, సైరను ఉంది కాబట్టి, అంబులెన్సని తేలింది. దానికి దారివ్వని అసలు అంబులెన్సు మీద కేసు కూడా నడిచింది. మూడేళ్లుగా డిపోలో కదలకుండా నిలబడ్డ బస్సు ఇల్లని తేలడంతో దానికి ఇంటిపన్ను వేశారు. ఎవరూ నోరెత్తలేదు. ముద్ర పడ్డాక నోరెత్తి ఏం లాభం?

ఆ ఆఫీసులో భీమశంకరం పని బస్తాలు ఎక్కించడం, దించడం. లారీనని వచ్చిన ప్రతి బండీ ఒక టన్ను మోసి చూపించాలి. అందుకోసం యాభై కిలోల ఇసుక బస్తాలు ఇరవై ఉన్నాయి. పంతొమ్మిదేళ్లుగా అతను వాటినే బండ్లలోకి ఎక్కిస్తున్నాడు, దించుతున్నాడు. గోనెలు చిరిగినప్పుడల్లా కొత్తవి వచ్చాయి గాని ఇసుక మాత్రం అదే. అతనిది పేరుకి కాంట్రాక్టు. పదకొండు నెలలకి ఒక కాగితం, ఒక రోజు విరామం, మళ్లీ పదకొండు నెలలకి ఇంకో కాగితం. విరామం రోజున కూడా బండ్లు వచ్చేవి కాబట్టి ఆ రోజూ వచ్చి మోసేవాడు. కాకపోతే ఆ ఒక్క రోజు అతనెవరో ఆఫీసుకి తెలియదు.

ఈ నెలాఖరుకి ఆఫీసుకి కూలీల్ని పంపే ఏజెన్సీ మారుతోంది. కొత్త ఏజెన్సీ తన మనుషుల్ని తనే తెచ్చుకుంటానని ముందే చెప్పేసింది. నలభై ఏడేళ్లొచ్చి, నడుము తప్ప వేరే విద్య లేని మనిషి ఇప్పుడెక్కడికి పోతాడు? పర్మినెంటు చెయ్యమని అతను ఇప్పటికి పదహారు అర్జీలు పెట్టుకున్నాడు. ఊరికే అనకూడదు, అన్నిటికీ జవాబులొచ్చాయి. తాము ఉద్యోగి అని ఇంతవరకు నిర్ధారణ కానందున తమ విన్నపం పరిశీలించలేమని ఒకే వాక్యం, పదహారు సార్లు. అతను నోట్లో నాలుక లేని మనిషి. జవాబు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ బస్తాల దగ్గరికి వెళ్లేవాడు. భార్య వీరవేణి మాత్రం ఈ నెలంతా కనిపించిన దేవుడికల్లా మొక్కుతోంది. ఆయన ఉద్యోగం నిలబెట్టు, ఇంకేం వద్దు అన్నదే ఆమె మొక్కు.

ఇక పికప్పు సంగతి. చెరుకుమిల్లి ప్రసాదరాజు గారని రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన, లారీ యజమానుల సంఘానికి అధ్యక్షుడు కావాలని మనసు పడ్డాడు. అధ్యక్షుడు కావాలంటే సొంత లారీ ఉండాలి. లారీ అంటే దుమ్ము, గ్రీజు, డ్రైవర్ల పేచీలు. అందుకని ముందు నాలుగు తలుపులు, మెత్తటి సీట్లు, చల్లగాలి, వెనక నులకమంచమంత తొట్టి ఉన్న తెల్లటి పికప్పు కొని, ఇది లారీయేనని కాగితం ఇప్పించమన్నాడు. సంఘానికి ఇప్పటి అధ్యక్షుడు అడపా నూకరాజు ససేమిరా అన్నాడు. ఆయనకి పది చక్రాల లారీలు ఆరున్నాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని, డిక్కీ మూత ఊడిన కారుని తెచ్చి లారీ అంటే తన లారీలు సిగ్గుతో చస్తాయని అభ్యంతరం దాఖలు చేశాడు. లారీలు సిగ్గుపడతాయనడానికి రుజువేమిటని ఆఫీసు అడిగితే, ఆరింటిచేతా టైరు ముద్రలు వేయించి జతచేశాడు. అవి సరిపోయాయి.

విచారణ చేసిన నిర్ధారణాధికారి అవధానుల నరహరి గారు నిక్కచ్చి మనిషి. కాగితంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆయనకి అన్నం సయించదు. ముందు బరువు పరీక్ష అన్నారు. భీమశంకరం మొదటి బస్తా భుజానికెత్తుకుని వచ్చాడు. ప్రసాదరాజు గారు తొట్టిలో దుప్పటి పరిపించి, కాళ్లు కడుక్కుని ఎక్కమన్నారు. కడుక్కుని ఎక్కాడు. ఇరవై సార్లు కడుక్కున్నాడు. ఇరవయ్యో బస్తా పడగానే బండి కుయ్యోమని ఏడవడం మొదలెట్టింది, లోపల్నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో బతిమాలింది. గీతలు పడతాయి, టన్ను మోసింది చూశారు కదా, ఇక దించేయమని ప్రసాదరాజు గారు గోల పెట్టారు. మోసిన మాట నిజమే. అధికారి తలూపారు. భీమశంకరం పంతొమ్మిది బస్తాలు దించి, ఇరవయ్యోది వీపు మీద వేసుకుని రెండడుగులు వేశాడో లేదో, విచారణ గంట మోగింది.

గంట మోగాక ఎక్కడి వస్తువు అక్కడే ఉండాలన్నది ఆఫీసు నియమం. కదిలితే సాక్ష్యం చెదిరిపోతుంది. కనుక భీమశంకరం వీపు మీద యాభై కిలోలతో ఎండలో అలాగే నిలబడ్డాడు. విచారణ గంటా పది నిమిషాలు నడిచింది.

మొదటి చిక్కు నిర్వచనం దగ్గరే వచ్చింది. నిబంధనల పుస్తకంలో లారీ అనగా అన్నంతవరకు ఉంది, తర్వాతిది చెదలు తినేశాయి. ఇన్నేళ్లూ ఎవరూ చూసుకోలేదు. నరహరి గారు లారీలతో బతికినవాడే చెప్పాలని నూకరాజుని లేపారు. అప్పటిదాకా బల్ల గుద్ది మాట్లాడిన నూకరాజు ఈ ప్రశ్నకి గొంతు తగ్గించాడు. బహుశా ఆయన్ని ఆ సంగతి ఇంతకుముందెవరూ అడిగి ఉండరు.

"లారీ అంటే ఏటో చెప్తానండి. ఇంకోళ్లు ఎత్తిన బరువు మోసేది లారీ. ఎంతెత్తారని అడగదు, ఎక్కడికని అడగదు. ఓనరు దాంట్లో కూచోడు. ఎండలో నిలబెడితే ఎండలోనే ఉంటాది. పగలు ఊళ్లోకి రానివ్వరు. తప్పు చేసినా చెయ్యకపోయినా ఆపుతారు. అలిసిపోయిందా అని దాన్ని ఎవరూ అడగరండి."

అధికారి వాటిని ఏడు గడులుగా రాసుకుని ప్రసాదరాజు గారి వైపు తిరిగారు. పాపం, బండి మీద మమకారమే ఆయన కొంప ముంచింది. ఒక్కదానికైనా అబద్ధం ఆడితే బతికిపోయేవాడు. కానీ తన బండి గొప్ప చెప్పుకోకుండా ఉండలేకపోయాడు. పరాయివాళ్లని దాని మీద చెయ్యి కూడా వెయ్యనివ్వనన్నాడు. బరువు ఎక్కువైతే అదే కేకేస్తుంది, ఎక్కడికో చెప్పందే కదలదన్నాడు. తాను తప్ప ఎవరూ స్టీరింగు ముట్టుకోరన్నాడు. ఎండ తగిలితే రంగు పోతుందని షెడ్డు కట్టించానన్నాడు. ఊళ్లో పెళ్లిళ్లకీ పేరంటాలకీ అదే ముందుంటుందన్నాడు. పోలీసులు ఆపడం మాట అటుంచి సెల్యూట్ కొడతారన్నాడు. అలిసిపోతే కాఫీ కప్పు బొమ్మ వేసి మరీ చెబుతుంది, అప్పుడు పక్కకి ఆపుతామన్నాడు. ఏడు గడుల్లోనూ కాదు అని పడింది.

ఎనిమిదో గడి అచ్చులోనే ఉంది. విచారణ సమయంలో బరువు మోస్తున్నది. మామూలుగా అక్కడ బండి నంబరు రాస్తారు. నరహరి గారు అలవాటు చొప్పున నంబరు రాయబోయి, నిక్కచ్చి మనిషి కదా, ఒకసారి తలెత్తి చూశారు. పికప్పు ఖాళీగా, చల్లగా, నీడలో ఉంది. ఎండలో బరువుతో ఉన్నది భీమశంకరం. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే రేపు ఆడిట్లో తలనొప్పి. పెచ్చెట్టి భీమశంకరం అని రాశారు. ఎనిమిదో గడిలో ఏ పేరుంటే మొదటి ఏడూ దానికే వర్తింపజేయాలని ఉత్తర్వులు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి, కళ్లజోడు సర్దుకుని మొదట్నుంచీ అడిగారు.

బరువు ఎవరెత్తినా మోస్తానన్నాడు భీమశంకరం. ఎంతని గాని, ఎక్కడికని గాని ఎప్పుడూ అడగలేదన్నాడు. ఏజెన్సీ ఓనరుని పంతొమ్మిదేళ్లలో కంటితో చూడలేదన్నాడు. ఎండ సంగతి అడగక్కర్లేకుండానే తెలుస్తోంది. పగలు ఊళ్లోకి వెళ్తావా అంటే, పొద్దున్నే వస్తాను, చీకటి పడ్డాక వెళ్తాను, పగలు ఊరెలా ఉంటుందో తనకి తెలియదన్నాడు. గేటు దగ్గర రోజూ ఆపుతారని, ఎందుకో వాళ్లకీ తెలియదని చెప్పాడు. అలిసిపోయావా అని ఎవరైనా అడుగుతారా అన్న ఏడో ప్రశ్నకి మాత్రం అబద్ధం చెప్పడం ఇష్టం లేక ఇంట్లో అడుగుతుందండీ అన్నాడు. షెడ్డులో ఏం జరుగుతుందన్నది లెక్కలోకి రాదని, పనివేళల్లో ఎవరైనా అడిగారా అని అధికారి వివరించారు. లేదండీ అన్నాడు. అప్పుడు కూడా ఎవరూ అడగలేదు.

ఏడుకి ఏడూ అవునని పడ్డాయి. ఆఫీసు చరిత్రలో ఏ లారీకీ అన్ని మార్కులు రాలేదు, నూకరాజు లారీలకి కూడా. పికప్పు తొట్టిని అలంకారం కింద నమోదు చేసి, బండిని కార్ల దస్త్రంలో వేశారు. భీమశంకరాన్ని లారీల దస్త్రంలో వేసి, అభ్యంతరం ఏమైనా ఉంటే చెప్పమన్నారు.

"పర్మినెంటేనాండీ?" అన్నాడు భీమశంకరం.

నరహరి గారు ఓపిగ్గా చెప్పారు. లారీ రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ తర్వాత దారుఢ్యం చూసి ఇంకో అయిదేళ్లు. పేరు ఆఫీసు ఆస్తుల పట్టీలో బల్లల తర్వాత, నీళ్ల కుండకి ముందు ఎక్కుతుంది. ఏజెన్సీలు వస్తాయి పోతాయి, ఆస్తుల జోలికి రావు. మనిషిని తియ్యడానికి ఒక ఫోను చాలు గాని, లారీని తియ్యాలంటే ముగ్గురు సభ్యుల సంఘం కూర్చోవాలి, రాజధాని నుంచి ఉత్తర్వు రావాలి. విన్నంతసేపూ భీమశంకరం నిలువునా వణుకుతూనే ఉన్నాడు. సంతకం అయ్యాక గాని బస్తా దించమని ఎవరికీ తోచలేదు.

ప్రసాదరాజు గారు కూడా పెద్దగా బాధపడలేదు. చెరువుల మీద బతికినవాడు, నష్టంలో లాభం చూడగలడు. ఈ లారీని తనకి అమ్మితే అధ్యక్ష పదవికి అర్హత వస్తుంది కదా అని అడిగాడు. ప్రభుత్వ ఆస్తి అమ్మకానికి లేదని, అద్దెకి కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చని చెప్పారు. ఫారం తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జరిగింది పండగే. పంతొమ్మిదేళ్లుగా భీమశంకరం పక్కనుంచే నడిచిపోయిన నూకరాజు పరుగున వచ్చి అతన్ని కావలించుకుని, ఇకనుంచి నువ్వు మావాడివి, నీ మీద ఈగ వాలితే రాష్ట్రమంతా లారీలు ఆపేస్తామన్నాడు. అన్న మాట ప్రకారం అక్కడికక్కడే సభ్యత్వం రాశాడు. పసుపు, కుంకుమ తెప్పించి నుదుట పెట్టారు. గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టారు. కాళ్ల ముందు రెండు నిమ్మకాయలు పెడితే భీమశంకరం ముందుకి అడుగేసి వాటిని చితకతొక్కాడు. చొక్కా ముందూ వెనకా నంబరు రాశారు. ఒక మనిషి కోసం ఇంతమంది నిలబడటం అతను తన పెళ్లిలో కూడా చూడలేదు. కన్నీళ్లు ఆగలేదు, తుడుచుకోవాలనీ అనిపించలేదు.

ఇంటికి మాత్రం బైపాసు మీదుగా వెళ్లాల్సి వచ్చింది. ఆ వేళకి ఊళ్లోకి లారీలకి ప్రవేశం లేదు. నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. పోనిద్దూ, లారీకి నాలుగు కిలోమీటర్లు ఒక లెక్కా! చెక్‌పోస్టు దగ్గర నంబరు చూసి గేటు ఎత్తారు. ఎదురొచ్చిన లారీలన్నీ హారను కొట్టి పలకరించాయి. ఎప్పుడూ గొంతెత్తని భీమశంకరం గుండె నిండా గాలి పీల్చుకుని, రోడ్డు మధ్య నుంచి ఒక్క అరుపు అరిచాడు. ముందు పోతున్న కారొకటి ఉలిక్కిపడి పక్కకి తప్పుకుంది. దారి ఇచ్చింది. అతను ఇంకోసారి అరిచాడు, ఈసారి అవసరం లేకపోయినా.

వీరవేణి కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని వింది. కళ్లకద్దుకుని దేవుడి పటం దగ్గర పెట్టింది. ఇంక మిమ్మల్ని ఎవరూ తియ్యలేరు కదా అని అడిగి, లేరని చెప్పాక గోడకానుకుని భోరున ఏడ్చింది. ఏడుపయ్యాక లేచి రవ్వకేసరి చేసింది. వీధిలో ఇంటింటికీ పంచింది. మా ఆయన లారీ అయ్యాడని చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది. అందరూ సంతోషించారు. ఎలా అయ్యాడని ఎవరూ అడగలేదు, ఎవరి చేత చెప్పించుకున్నారని ఒకరిద్దరు అడిగారు.

చివరగా పక్కింటి శేషారత్నం వచ్చింది. ఆమె భర్త డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు లెక్చరరు. కేసరి నోట్లో వేసుకుని, చాలా సంతోషం అంటూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

"నీకేం అక్కా, గట్టెక్కేశావు. మా ఆయన ఇంకా మనిషిగానే ఉన్నారు."

వీరవేణికి ప్రాణం ఉసూరుమంది. ఆమెని దగ్గర కూర్చోబెట్టుకుని వీపు నిమిరింది. "అలా అనకే శేషూ. రేపు మా ఆయన్తో పంపించు, అధికారి మంచాయన. మాస్టారు క్లాసుకి నూట ఇరవై మందిని ఎక్కించుకుంటారు కదా, బస్సు కింద వస్తారేమో."

శేషారత్నం కళ్లు తుడుచుకుని కాసేపు లెక్క వేసుకుంది. తర్వాత ఆశగా, నిలబడి వెళ్లేవాళ్లని కూడా లెక్కలోకి తీసుకుంటారా అని అడిగింది.