నీలవేణి అడిగిన మరుగు

శనివారం పొద్దున్న ఆరున్నరకి నీలవేణి రెండు పనులు అనుకుంది. ఒకటి, ఊరి శివారు మంగ్లాలో జరుగుతున్న షూటింగుకి ఏడున్నరకల్లా వెళ్ళి పెళ్ళిపందిట్లో కూర్చోవడం. రెండు, జూనియర్ ఆర్టిస్టుల సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఇద్దరినీ ఒక ప్రశ్న అడగడం. మొదటిదానికి పట్టుచీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. రెండోదానికి కాగితం, కలం తీసుకుని వంటగది గట్టు దగ్గర నిలబడింది.

నీలవేణికి యాభై రెండేళ్ళు. పలాసలో పదో తరగతి చదివి, లోకో షెడ్డులో పనిచేసే తిరుమలరావుని పెళ్ళి చేసుకుని బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో కాపురం పెట్టింది. నాలుగేళ్ళుగా ఛత్తీస్‌గఢీ సినిమాల్లో, వెబ్ సిరీసుల్లో గుంపులో కనిపిస్తోంది. సంతలో వంకాయలు బేరమాడేది, శవం పక్కన ఏడ్చేది, ఆసుపత్రి బెంచీ మీద కునుకు తీసేది ఆవిడే. ఏం చేసినా హీరోయిన్ కంటే ఎక్కువ నమ్మకంతో చేస్తుంది. ఆ నమ్మకం సెట్టులోనే ఆగకుండా కాలనీ అంతటా పాకింది. ఆవిడ ఒక మాట అందంటే దానికేదో కారణం ఉండే ఉంటుందని చుట్టుపక్కల నలభై క్వార్టర్లవాళ్ళూ అనుకుంటారు.

ఈసారి కారణం నిజంగానే ఉంది. ఆవిడతోపాటు షూటింగులకి వచ్చే అప్పయమ్మ, కిందటి మే నెలలో సెట్టులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. పొద్దుటినుంచీ నీళ్ళెందుకు తాగలేదని డాక్టరు అడిగితే, "తాగితే ఎక్కడికెల్లాలి బాబూ?" అంది. పెద్ద నటులకి వ్యాన్లుంటాయి. గుంపులో ఆడవాళ్ళకి బస్సు వెనకాల అడ్డంగా పట్టుకున్న రెండు చీరలే గది. ఆ చీరల చాటున బట్టలు మార్చుకోవచ్చు. మిగతా అవసరాలు ప్యాకప్ దాకా ఓర్చుకోవాలి. అందుకని సగంమంది ఇంట్లోంచి బయల్దేరేముందే నీళ్ళు మానేస్తారు. అప్పయమ్మ మాట ఏడాదిగా నీలవేణిని వదల్లేదు.

ఆదివారం పదింటికి దయాల్‌బంద్‌లో ఒక హాల్లో సంఘం సభ. అది అవగానే ఓటింగు. ముందురోజే ప్రశ్న వాట్సాప్ గ్రూపులో పడితే ఇద్దరూ జవాబుతో రాక తప్పదని ఆవిడ ఆలోచన. హిందీ గడగడా మాట్లాడుతుంది గాని రాయలేదు. అందుకని తెలుగులో రాసి, తమ దగ్గరుండి బీకాం చదువుతున్న మేనకోడలు ప్రత్యూష చేతిలో పెట్టింది.

"అత్తా, హిందీలో టైప్ చేసి గ్రూప్‌లో వేసేయాలి, బస్, అంతేనా?" అంది ప్రత్యూష.

"నా ఫోన్లోంచే, నా పేరుమీదే వెయ్యి. ఫోను ఇంట్లో వొదిలేస్తన్నాను. సెట్టులో ఎలాగూ లాగేసుకుంతారు. ఎవులైనా ఫోను చేస్తే నువ్వే మాటాడు."

"ఏం మాట్లాడను?"

"నానడిగింది సబబే అని చెప్పు. బెదరకు."

"బెదరడం ఏంటత్తా," అని ప్రత్యూష నవ్వింది. ఆ విషయంలో అత్త పోలికే.

నీలవేణి వెళ్ళాక ప్రత్యూష కాగితం విప్పింది. ఆ పిల్ల తెలుగు మాట్లాడ్డం ఇంట్లో నేర్చుకుంది, అక్షరాలు నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. చదవడం మాత్రం దుకాణాల బోర్డులు దాటలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే వచ్చిన వాక్యం ఇది: "షూటింగులో ఆడవాళ్ళకి నీళ్ళు మరుగు ఏర్పాటు చేస్తారా లేదా? సూటిగా చెప్పండి."

నీళ్ళకీ మరుగుకీ మధ్య ఉండవలసిన కామా నీలవేణి తొందరలో పెట్టలేదు. మరుగు అంటే చాటు అనీ, తలుపున్న చోటు అనీ ప్రత్యూషకి ఎవరూ చెప్పలేదు. మరగడం మాత్రం బాగా తెలుసు. రెండుపూటలా టీకి నీళ్ళు మరిగించేది తనే. బయట అప్పటికే రోడ్డుమీద తారు మెత్తబడుతోంది. ఈ ఎండల్లో మరిగే నీళ్ళెందుకో ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కాని అడిగింది అత్త. షూటింగుల్లో ఆడవాళ్ళకి మరిగించిన నీళ్ళు ఇస్తారా లేదా, సూటిగా చెప్పండి అని శుభ్రమైన హిందీలో టైప్ చేసి పంపేసింది.

తొమ్మిది నిమిషాల్లో మొదటి అభ్యర్థి చిన్నారావు జవాబిచ్చాడు. అతనిదీ అదే కాలనీ. సినిమాల్లో ఎప్పుడూ కానిస్టేబులే. 'ప్రతి అక్కకీ, ప్రతి చెల్లికీ వేడివేడి నీళ్ళు. ఇది నా హామీ' అని రాశాడు. రెండో అభ్యర్థి ధనీరామ్ కశ్యప్ గుబురు మీసాలవాడు. పంచాయితీ సీనుంటే సర్పంచి వెనకాల కూర్చునేది అతనే. 'చిన్నారావు ఫ్లాస్కు తెస్తాడు, నేను యాభై లీటర్ల బాయిలర్ తెస్తాను' అన్నాడతను. 'నాది అరవై లీటర్లు' అన్నాడు చిన్నారావు. ఎందుకు అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఆ ప్రశ్న గ్రూపులో ఆడవాళ్ళకి వచ్చింది. మే నెలలో వేడినీళ్ళు ఎవరికి కావాలి? చలిచోటికి వెళ్ళేవాళ్ళకి. అయితే చలిచోట ఏదో షూటింగు ఉండాలి. పదకొండింటికి అది కొండల్లో షూటింగయింది. పన్నెండింటికి మంచులో షూటింగయింది. నీలవేణికి ముందే తెలిసిందనీ, మనుషుల్ని తీసుకెళ్ళే పని ఆవిడకే అప్పజెప్పారనీ ఒంటిగంటకల్లా ఖాయమైపోయింది.

ఫోను మోగడం మొదలుపెట్టింది. "దీదీకి నా పేరు చెప్పమ్మా," అన్నారు ఒక్కొక్కరే. దేనికి అని అడిగితే తనకి తెలీదని బయటపడుతుంది కదా. ప్రత్యూష "జీ, నోట్ కర్ లియా," అంటూ ధీమాగా రాసుకుంటూ పోయింది. మధ్యలో ఆ పిల్ల భోజనానికి లేచినప్పుడు ఒక కాల్ తిరుమలరావు ఎత్తాడు. స్వెటర్లు తెచ్చుకోవాలా అని ఎవరో అడిగారు. ముప్ఫై ఏళ్ళ రైల్వే సర్వీసులో, ఏదైనా వెంట తీసుకెళ్ళమంటారా అని అడిగినవాళ్ళకి ఆయన వద్దని చెప్పిన పాపాన పోలేదు. "తెచ్చుకోండి, మంచిదే," అన్నాడు. పది నిమిషాల్లో ఆ సంగతి కూడా గ్రూపులోకి ఎక్కింది.

సాయంత్రం ఆరింటికి నీలవేణి ఇల్లు చేరి, ముందు స్నానాలగదికీ తర్వాత మంచినీళ్ళ బిందె దగ్గరికీ వెళ్ళి, అప్పుడు నోరు విప్పింది.

"ఒలే, ఏటన్నారు?"

"ఇద్దరూ ఒప్పుకున్నారు అత్తా. పోటీపడి మరీ."

"నిజవేనా? ఎక్కడ పెడతామన్నారు?"

"ప్రతి షూటింగ్ దగ్గరా. ధనీరామ్ భయ్యా యాభై లీటర్ల టంకీ అన్నాడు. చిన్నారావు అంకుల్ అరవై."

"అచ్ఛా, టాంకీ కూడానా." నీలవేణి ముఖం వెలిగిపోయింది. "మరి మగోళ్ళేటన్నారు?"

"ముందు నవ్వారు. తర్వాత మాక్కూడా కావాలన్నారు. నలభై ముగ్గురు లేడీస్, పదకొండుమంది జెంట్స్ పేర్లిచ్చారు."

"దానికి పేర్లెందుకే?"

"లైన్ కోసమేమో."

"లైనుంటాది మరి, అంతమంది కదా," అంది నీలవేణి. ఏడాదిగా గుండెలమీదున్న బరువు దిగినట్టయింది. ఒళ్ళంతా అలసటగా ఉంది. ఫోను చార్జింగులో పెట్టించి, అన్నం తిని పడుకుంది. గ్రూపు తెరిచి చూడాలని కూడా అనిపించలేదు.

మర్నాడు పదింటికి ప్రత్యూషని వెంటబెట్టుకుని హాల్లో అడుగుపెట్టేసరికి ముఖానికి ఆవిరి కొట్టింది. వేదికకి ఇటొకటి అటొకటి స్టీలు బాయిలర్లు బుసలు కొడుతున్నాయి. రెండూ వ్యాపార్ విహార్‌లో భోజనాల కాంట్రాక్టర్ల దగ్గర ఎరువు తెచ్చినవి. ఫ్యాన్లు ఆ వేడిని అందరికీ సమానంగా పంచుతున్నాయి. కుర్చీల్లో ఆడవాళ్ళు ఒళ్ళో స్వెటర్లు పెట్టుకుని కూర్చున్నారు. ఒకావిడ మంకీ క్యాపు పెట్టుకునే ఉంది. చోటు చాలనివాళ్ళు హాలు వెనక గోడనీడన చేరారు.

చిన్నారావు ఎదురొచ్చాడు. "వొదినా, చూసేవా? మరుగునీళ్ళన్నావు, మరుగుతన్నాయి. నాను మాటంటే మాటే."

నీలవేణికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. టాంకీ, లీటర్లు, లైను, అన్నీ. నూటయాభైమంది తనవైపే చూస్తున్నారు. పక్కన ప్రత్యూష గర్వంగా నవ్వుతోంది. పిల్ల తప్పు రాసిందని మైకులో చెబితే దాని ముఖం చిన్నబోతుంది. తానే వేడినీళ్ళు అడిగానంటే రేపటినుంచి కాలనీలో తల ఎత్తుకోలేదు. శవం పక్కన ఏడుస్తుండగా ఈగ వాలినా కదలని మనిషి. ఇప్పుడూ కదల్లేదు. ఒక్క నిమిషం ఆలోచించి నేరుగా మైకు దగ్గరికి వెళ్ళి, హిందీలో మొదలుపెట్టింది.

"తమ్ముళ్ళిద్దరూ మాటమీద నిలబడి నీళ్ళు తెచ్చారు. సంతోషం. మాకిచ్చే ముందు మీరు తాగి చూపించండి."

సభ చప్పట్లు కొట్టింది. చిన్నారావు ఒక స్టీలు గ్లాసుడు చల్లార్చుకుని తాగాడు. ధనీరామ్ రెండు తాగాడు. చిన్నారావు మూడు తాగాడు. ఇరుపక్షాలవాళ్ళూ లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఇక ఆగడం ఇద్దరి చేతుల్లోనూ లేకపోయింది. చెరి ఆరు గ్లాసుల దగ్గర నీలవేణి చెయ్యెత్తి ఆపింది. ఇద్దరినీ వేదికమీద కుర్చీల్లో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగసాగింది. ఎండలో నిలబెట్టే సీన్లకి నీడ సంగతేమిటి? భోజనం రెండింటికా, నాలుగింటికా? ప్యాకప్ అయ్యాక ఊరి బయటినుంచి బస్సు ఎవరు పంపుతారు? ఒక్కో ప్రశ్నా తాపీగా అడిగింది. ఒక్కో జవాబూ రెండోసారి చెప్పించుకుంది.

ముప్పావుగంటకి ధనీరామ్ జవాబులు పొట్టివైపోయాయి. చిన్నారావు కాలుమీద కాలు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. చివరికి చేతిలో మైకుందన్న సంగతి మరిచిపోయి తెలుగులో బతిమాలాడు.

"వొదినా, అయిదు నిమిషాలు బయటికెల్లొచ్చేస్తాను."

"షాటు నడుస్తంది బాబూ. నువ్వు కదిలితే కంటిన్యూటీ పోతాది."

అది సెట్టులో ఆడవాళ్ళకి రోజూ వినిపించే మాటే. ముందువరసలో నలుగురు కిసుక్కున నవ్వారు. చిన్నారావు లేచి గుమ్మం దాటి వెళ్ళి, వెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చాడు. హాలు మరుగుదొడ్డికి తాళం ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది. వాచ్‌మన్ టీకి వెళ్ళాడు. మగవాళ్ళు మామూలుగా వెళ్ళే గోడ వెనకాల ఇరవైమంది ఆడవాళ్ళు స్వెటర్లతో కూర్చుని ఉన్నారు.

"మరి నానెక్కడికెల్లాలి?" అన్నాడు చిన్నారావు. ఆ మాట స్పీకర్లలో హాలంతా వినిపించింది.

తెలుగు రానివాళ్ళకి పక్కవాళ్ళు చెప్పారు. నవ్వులు లేచాయి. అప్పుడు ముందువరసలోంచి అప్పయమ్మ లేచి నిలబడింది. మైకు అడగలేదు.

"నానూ డాట్రుబాబుకి అదే సెప్పేను. నీది ఒక్క గంట బాబూ. మాది పొద్దుట్నుంచి సాయంత్రం దాకా."

నవ్వులు ఆగిపోయాయి. నీలవేణి మైకు అందుకుంది.

"నా ప్రశ్న ఇదే. నీళ్ళు ఎవరైనా ఇస్తారు. తాగాక వెళ్ళడానికి చోటేది? తలుపూ గడియా ఉన్న చోటు. అది లేని సెట్టులో ఇక మేం కూర్చోం. మేం లేకుండా పెళ్ళి సీను ఎలా తీస్తారో చూస్తాం."

కాగితంమీద అప్పటికప్పుడు నాలుగు వాక్యాలు రాయించారు. రాసింది ప్రత్యూషే. ఈసారి అత్త పక్కన నిలబడి ఒక్కో మాటా చదివించుకుంది. గది లేని సెట్టుకి గుంపుని పంపకూడదన్న షరతుని గెలిచినవాళ్ళు మొదటివారంలోనే అమలు చెయ్యాలి, ఓడినవాళ్ళు తోడుండాలి. ధనీరామ్ చదవకుండా సంతకం పెట్టాడు. చిన్నారావు నిలబడే పెట్టాడు. తాళంచెవి వచ్చింది. ఇద్దరూ ఒకేసారి పరుగెత్తారు. సంఘం చరిత్రలో అభ్యర్థులిద్దరూ ఒక్క దిక్కుకి నడవడం అదే మొదలు.

మంచు లేదనీ, కొండలు లేవనీ నీలవేణి చెప్పినప్పుడు కొంత గొణుగుడు వినిపించింది. మంకీ క్యాపు ఆవిడ దాన్ని తీసి విసురుకోవడం మొదలుపెట్టింది.

"అత్తా, మరుగు అంటే అదా?" అని ప్రత్యూష చిన్నగా అడిగింది. "సారీ. నావల్ల మొత్తం గడ్‌బడ్ అయిపోయింది."

"గడ్‌బడేటి? నానడిగితే మాట ఇచ్చీవోరు, మర్చిపోయీవోరు. నువ్వు రాసేవు కాబట్టి తాగేరు, తెలుసుకున్నారు." కాగితం మడుస్తూ, "రోజుకో పేజీ తెలుగు చదువు," అని కూడా అంది.

నాలుగు ఓట్ల తేడాతో ధనీరామ్ గెలిచాడు. రెండు సినిమా కంపెనీలు గుంపు దొరక్క షూటింగు వాయిదా వేసుకున్నాక మూడో కంపెనీ దిగొచ్చింది. మూడు వారాలు తిరిగేసరికి మంగ్లా సెట్టులో పెళ్ళిపందిరి పక్కనే రేకుల గది లేచింది. లోపల కొళాయి, తలుపుకి గడియ. అప్పయమ్మ ఆ రోజు సెట్టులో అందరూ చూస్తుండగా రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగింది.

ఆరు నెలలకి సినిమా విడుదలైతే కాలనీ అంతా కలిసి వెళ్ళారు. పెళ్ళి పాటలో నీలవేణి మోచెయ్యి ఒక్క క్షణం కనిపించింది, రేకుల గది తలుపు మాత్రం పాట మొత్తం కనిపించింది.