ఫేబకు కప్పల భయం

జూలై పన్నెండో తారీఖు, ఆదివారం. ఆ రోజు మేం తిన్నది జొన్నరొట్టె, చింతచిగురు వేసిన ఎండురొయ్యలు. అంత మంచి తిండి తిని అంత పనికిమాలిన ఆలోచన ఎట్లా చేశానో ఇప్పటికీ అర్థం కాదు.

నా మనవరాలు ఫేబ ఒకటో తరగతి. స్నానానికి పోనంటుంది. మా స్నానాలగది పెరట్లో ఉంది. "ఆడ కప్పలుంటయి తాతా, నాకు భయం." వానలు మొదలైనప్పటి నుంచి ఇదే గోల. తూప్రాన్‌లో ఉద్యోగం చేసే మావాడు, ఫేబ తండ్రి, ఫోన్లో తేల్చేశాడు: "గంత భయమైతే తోలియ్యి నాయినా, ఈడ హాస్టల్ల ఏస్తం."

నా భార్య పోయాక ఈ ఇంట్లో నవ్వు వినపడేది ఆ పిల్ల వల్లే. పంపేది లేదనుకున్నాను.

భయం పోవాలంటే కప్పను పుట్టుక నుంచీ చూపించాలి. నేను కాలేజీలో కామర్స్ చెప్పినవాణ్ణి. కప్పల గురించి నాకు తెలిసింది ఫేబ పుస్తకంలో ఉన్నంతే. కుల్చారం దారిలో ఒక నీటిగుంట నుంచి తోకకప్పల్ని డబ్బాలో తెచ్చి, మా అక్క దానమ్మ గంగాళంలో పోశాను.

"తమ్మీ, అది నేను బగార వండే గంగాళం."

"కడుగుత అక్కా."

"ఎవలు, నువ్వా? నువ్వు తాగిన చాయ్ గిలాసే కడగవు."

"పిల్ల చదువు కోసం."

"పిల్లకు చదువు, నాకు కప్పల బగార. మస్తున్నది."

ఫేబ రోజూ గంగాళం పక్కనే. వెనక కాళ్ళు వచ్చాయి, తర్వాత ముందు కాళ్ళు. "తాతా, పుస్తకంల బొమ్మల బాణం గుండ్రంగ తిరిగి మళ్ళ గుడ్డు కాడికే వోయింది. గీ కప్పలు మళ్ళ గుడ్లెప్పుడైతయి?"

చాలాసేపు వివరించాను. చివరికి నాకే అనుమానం వచ్చింది.

ఇంతలో మా ఇంట్లో ఆడవాళ్ళ గృహ ప్రార్థన వచ్చింది. ఆ పొద్దున అక్క అంది: "కాళ్ళొచ్చినయి. ఇగ బయట ఇడిశిపెట్టు."

"తోక ఇంక పోలేదక్కా. తోక పోయేదాక నీళ్ళల్లనే ఉంటయి. పుస్తకంల ఉన్నది."

పైగా ఎక్కి కూర్చుంటాయని ఒక రాయి వేశాను, అంచుకు ఆనించి. పిల్లి తిరుగుతోందని గంగాళాన్ని వెనక గుమ్మం లోపలికి జరిపాను.

మా చర్చి లిల్లీ టీచర్ ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీది నుంచి దించిన కుక్కర్ చల్లారిపోవలసిందే. అందరూ కళ్ళు మూసుకున్నారు. చాప మీద ఏదో కదిలింది. చూస్తే తోకలతో సహా కప్పలన్నీ హాల్లోకి వస్తున్నాయి. అవి పుస్తకం చదవలేదు.

నోరు తెరిస్తే ప్రార్థన చెడుతుంది. గిలాస పట్టుకొని మోకాళ్ళ మీద పాకుతూ ఏరడం మొదలుపెట్టాను. ఒకటి లిల్లీ టీచర్ కుచ్చిళ్ళ కిందికి దూరింది. అప్పుడేం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు. నేను ఆమె ముందు నేల మీద బోర్లా ఉండగానే ఆమె "ఆమెన్" అంది.

"సార్‌ను చూడుండ్రి, దేవుని ముందర ఎంత తగ్గించుకున్నరో," అని కళ్ళు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే నా గిలాసలోంచి ఒకటి ఆమె బైబిలు మీదికి దూకింది.

ఆ తర్వాత ఎవరు ఏ కుర్చీ ఎక్కారో చెప్పలేను. ఫేబ ఒక్కతే నింపాదిగా కప్పల్ని రెండు చేతులతో ఎత్తి గౌనులో వేసుకుంటోంది. "భయపడకుండ్రి ఆంటీ, జరసేపైతే మళ్ళ గుడ్లైతయి."

కామర్స్ బదులు ఈ సబ్జెక్టే చెప్పి ఉండాల్సింది అనిపించింది నాకు. "బిడ్డా, భయం పోయిందా?"

"కప్పలంటేనా? నాకెప్పుడు భయం లేకుండె."

"మరి స్నానానికి ఎందుకు పోలే?"

"స్నానమంటే నాకిష్టం లేదు తాతా."

అందరూ పోయాక కప్పలెక్కడని అక్క ఫేబను అడిగింది.

"స్నానాలగదిల ఇడిశిన అవ్వా. ఆడ తడి ఉంటది. తోకలు పోయేదాక ఎవ్వలు పోవద్దు, తొక్కితే సస్తయి."

చీకటి పడుతుండగా మావాడు ఫోన్ చేశాడు. "పిల్లకు భయం పోయిందా నాయినా?"

"మొత్తం పోయింది," అన్నాను. అబద్ధం కాదు.

"గట్లైతే ఆడనే ఉండనియ్యి."

స్నానం మాట వాడు అడగలేదు. అంతటి మేలు చాలు.

అక్క పెరట్లోకి పోయి, సబ్బు, తువ్వాల, చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. "రేపటి సంది నీ స్నానం నల్లా కాడ." మళ్ళీ పోయి, కప్పలు బెదరకుండా స్నానాలగది తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.