మంత్రిగారి పథ్యయాత్ర

మధుమేహం ఉన్నవాళ్లు ప్రయాణాల్లో పొద్దున్నే ఏం తినాలో తెలియక నానా అవస్థలు పడుతున్నారనీ, ఆ అవస్థను తాను స్వయంగా తిని రూపుమాపుతాననీ మా ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు సభలో రెండు నిమిషాలు చప్పట్లు మోగాయి. ఆ ప్రకటన రాసింది నేనే. చప్పట్లు మొదలెట్టిందీ నేనే. పద్దెనిమిదేళ్లుగా శాఖలో ప్రచార అధికారిని. ఏ వాక్యం దగ్గర చప్పట్లు పడాలన్నది నాకు వదిలేస్తే చాలు, మిగతాది జనం చూసుకుంటారు.

పథకం పేరు పథ్యయాత్ర. పది రోజులు, పది ఊళ్లు. రోజూ ఉదయం సరిగ్గా ఎనిమిది గంటలకు మంత్రిగారు ఏ బస్టాండులోనో, రైల్వే స్టేషన్లోనో, రోడ్డు పక్క హోటల్లోనో జనం మధ్య కూర్చుంటారు. బయట ఊళ్లలో దొరికేవాటిల్లోంచి మధుమేహం ఉన్నవాళ్లు ఏరుకోదగిన అల్పాహారం తిని చూపిస్తారు. రెండు ఉడికించిన గుడ్లు, ఒక ముడిగోధుమ రొట్టె ముక్క, కీరా ముక్కలు, చక్కెర లేని టీ. తినడం ఎవరికైనా వచ్చు. తిని చూపించడానికే నాయకుడు కావాలి.

ఇంతకీ మీకు మధుమేహం ఉందా అని ఒక విలేకరి అడిగాడు. ప్రజల జబ్బే తన జబ్బని మంత్రిగారు సెలవిచ్చారు. అది నేను రాసిచ్చింది కాదు, ఆయన సొంతం. ఆయన్ని తక్కువ అంచనా వేయకూడదు.

యాత్ర నడపడానికి ఒక ప్రత్యేకాధికారిని వేశారు. అంతకుముందు ఆయన వంతెనల శాఖలో ఉండేవారు. చొక్కా జేబులో చిన్న త్రాసు పెట్టుకుని, కంటబడిన ప్రతి తినే వస్తువునూ తూచేవారు కాబట్టి మేమంతా చాటుగా త్రాసుగారు అనేవాళ్లం. ఆయన పెట్టిన మొదటి నిబంధన, మంత్రిగారు ముద్ద నోట్లో పెట్టేదాకా బృందంలో ఎవరూ ఏదీ నోట్లో పెట్టకూడదు. రెండోది, యాత్ర వాహనాల్లో చక్కెర అన్నది కనబడకూడదు, వినబడకూడదు.

ఇక మంత్రిగారి కారు డ్రైవరు. ఆయన్ని మేం పెద్దాయన అంటాం. ముప్పైనాలుగేళ్ల సర్వీసు. కారు మీదా గీత పడలేదు, సర్వీసు పుస్తకంలోనూ పడలేదు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. మొత్తం బృందంలో నిజంగా మధుమేహం ఉన్నది ఆయనొక్కడికే. రోజూ పొద్దున ఏడున్నరకు ఇంజెక్షన్ చేసుకోవాలి, చేసుకున్న అరగంటలో తినాలి. తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి, దాని వెనకే మనిషీ పడిపోతాడు. ఈ సంగతి తెలిసి త్రాసుగారు ముచ్చటపడ్డారు. యాత్రలో అలాంటివాడు ఒకడైనా ఉండడం నిండుగా ఉంటుందన్నారు.

మొదటి రోజు బస్టాండులో ఏడింటికే బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, పళ్లెం సిద్ధం చేశాం. మంత్రిగారు తొమ్మిదీ నలభైకి విచ్చేశారు. ప్రజాసేవ చేసేవాళ్లకి తెల్లారడం కాస్త ఆలస్యమవుతుంది, అందులో తప్పేముంది? అయితే ఎనిమిదింటికి తినాలని చెప్పే యాత్రలో తొమ్మిదీ నలభైకి తింటున్నారేమిటని విలేకర్లు గోల పెట్టారు. త్రాసుగారు అక్కడికక్కడే ఒక సర్క్యులర్ జారీ చేశారు. "మంత్రివర్యులు ఆసీనులైన క్షణమునే ఎనిమిది గంటలుగా పరిగణించవలెను." బస్టాండు గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పించారు. ఆ ముల్లును నమ్ముకుని ఇద్దరు ప్రయాణికులు బస్సు తప్పారు. ఆరోగ్యం కోసం ఆమాత్రం త్యాగం తప్పదు.

ఆ రోజు పెద్దాయన గట్టెక్కాడు. వాళ్లావిడ ముందుచూపున్న మనిషి. ఒక డబ్బాలో గుడ్లు, రొట్టె సర్ది పంపింది. కారు చాటున నిలబడి ఆయన తన ఎనిమిదింటికి తను తినేశాడు. అది త్రాసుగారి కంటబడింది. డబ్బా తెరిచి గుడ్డు తూచారు. అరవై రెండు గ్రాములు తూగింది. ఆమోదించిన గుడ్డు యాభై గ్రాములే. అనధికార ఆహారమని డబ్బా స్వాధీనం చేసుకున్నారు. కారు సోదా చేస్తే డ్యాష్‌బోర్డులో గ్లూకోజు పొట్లం దొరికింది. పథ్యయాత్ర వాహనంలో, అదీ సాక్షాత్తూ మంత్రిగారి వాహనంలో, చక్కెర. త్రాసుగారు దాన్నీ స్వాధీనం చేసుకున్నారు. కళ్లు తిరిగితే వేసుకోవడానికి డాక్టరు ఉంచమన్నాడని పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు. ఆ డాక్టరు పేరు రాసుకోమని త్రాసుగారు నాకు పురమాయించారు.

రెండో రోజు పెద్దాయన తెలివిగా ఒక పని చేశాడు. డబ్బా లేదు కాబట్టి, తన పళ్లెం చేతికందేదాకా ఇంజెక్షన్ చేసుకోకుండా ఆగాడు. అంటే పదీ పదిహేను దాకా. ఏ డాక్టరైనా శభాష్ అనే పని. కానీ త్రాసుగారు డాక్టరు కాదు. యాత్ర కార్యక్రమ పత్రంలో ఏడున్నరకు ఇంజెక్షన్, ఎనిమిదింటికి అల్పాహారం అని అచ్చయి ఉంది. ఉన్న ఒక్క మధుమేహం వాడే వేళ తప్పితే ప్రజలకు ఏం సందేశం వెళుతుందని ఆయన బాధపడ్డారు. ఇంకోసారి ఇలా జరిగితే మెమో ఇస్తానన్నారు. రిటైర్మెంటు ముందు మెమో పడితే పెన్షన్ కాగితాలు ఎన్నేళ్లు నిద్రపోతాయో ఉద్యోగం చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

సాయంత్రం పెద్దాయన నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

"బాబూ, చదువుకున్నవాడివి. రేప్పొద్దున ఏడున్నరకి చేసుకోమంటావా, వద్దంటావా?"

"ప్రభుత్వం ముద్ర కొట్టిన కాగితం. ఎనిమిదింటికి తిండి అని రాసి ఉంది. అది అబద్ధం ఆడుతుందా?" అన్నాను.

ఆయన సరే అని లేచి వెళ్లాడు.

మూడో రోజు ఏడున్నరకు పెద్దాయన పద్ధతిగా ఇంజెక్షన్ చేసుకున్నాడు. డబ్బా లేదు, గ్లూకోజు లేదు, ఒంటి మీద ఒక్క నిబంధనోల్లంఘన లేదు. అంత క్రమశిక్షణ నేను ఏ ఉద్యోగిలోనూ చూడలేదు. అతిథిగృహం ముందు కారు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎనిమిదయింది. ఎనిమిదిన్నరయింది. తొమ్మిదింబావుకి మంత్రిగారు కళ్లజోడు మరచిపోయి వెనక్కి వెళ్లారు. తొమ్మిదీ ముప్పావుకి కారు కదిలింది. ముందు సీట్లో నేను, వెనక మంత్రిగారు, త్రాసుగారు.

ఊరి మధ్యకి వచ్చేసరికి పెద్దాయన చొక్కా తడిసి ముద్దయింది. ఏసీ బాగానే పనిచేస్తోంది. ఏమైందని అడిగాను. ఏం లేదు బాబూ అన్నాడు గానీ మాట ముద్దగా వచ్చింది. వేగం తగ్గించాడు, ఇండికేటరు వేశాడు, కారును రోడ్డు అంచుకి తెచ్చి, గీతకు జానెడు దూరంలో ఆపి, చేతి బ్రేకు లాగాడు. ఇవన్నీ అయ్యాకే స్టీరింగు మీదికి వాలాడు.

"వచ్చేశామా?" అన్నారు మంత్రిగారు వెనక నుంచి.

కాన్వాయ్ ఆగింది. వెనక అంబులెన్సులోంచి నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. అంబులెన్సులో మందులుండే చోట కరపత్రాలున్నాయి, అది ఆవిడ తప్పు కాదు. పెద్దాయన వేలికొసన రక్తం చుక్క చూసి, చక్కెర బాగా పడిపోయిందనీ, ఇంకా మింగగలడు కాబట్టి తక్షణం తియ్యటిదేదైనా ఇవ్వమనీ అడిగింది.

యాత్ర మొత్తం నేల చూపులు చూసింది. చక్కెర అన్న మాటే నిషేధం కదా. పధ్నాలుగు మందిమి ఉన్నాం, ఒక్కరూ కదల్లేదు. నా ప్యాంటు జేబులో రెండు చాక్లెట్లున్నాయి. నేను క్రమశిక్షణ గల ఉద్యోగిని కాబట్టి నోరు మెదపలేదు. నాకు సిగ్గేసింది. ఈ ముక్క పత్రికా ప్రకటనలో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నర్సమ్మ మా అందరి మొహాలూ వరసగా చూసింది. "మనిషి పోతాడండీ. ఎవరి దగ్గరుందో తియ్యండి. నేనేం రాసుకోను" అంది.

అప్పుడు మంత్రిగారు కారు దిగారు. నాయకత్వం అంటే ఏమిటో ఆ క్షణంలో చూశాను. ఆయన వెంట ఎప్పుడూ ఒక ఎర్ర పెట్టె ఉంటుంది, మీద అతి రహస్యం అని రాసి ఉంటుంది. దాని తాళం చెవి ఆయన మెళ్లోనే ఉంటుంది. అందరి ముందూ పెట్టె తెరిచారు. లోపల మూడు అరల నిండా మిఠాయిలు. దాంతో మా అందరికీ ధైర్యం వచ్చింది. జేబుల్లోంచి, సంచుల్లోంచి, కెమెరా పెట్టెల్లోంచి బిస్కెట్లు, పిప్పరమెంటు బిళ్లలు, తేనె సీసా బయటికొచ్చి కారు బానెట్ మీద గుట్టపడ్డాయి. త్రాసుగారు మేజోడులోంచి ఒక చాక్లెట్ తీసి, అలవాటు కొద్దీ తూచి మరీ ఇచ్చారు. నర్సమ్మ తేనె నీళ్లలో కలిపి తాగించింది. పెద్దాయన కళ్లు తెరిచాడు. ఎవరి బండికీ తగల్లేదు కదా అని అడిగాడు.

మర్నాడు పేపర్లో నా ప్రకటన పడింది. పథ్యయాత్ర ఒక నిండు ప్రాణం కాపాడిందనీ, యాత్రే లేకపోతే నడిరోడ్డు మీద ఆ డ్రైవరుకు దిక్కెవరనీ రాశాను. నిజానికి యాత్రే లేకపోతే ఆయన ఇంట్లో కూర్చుని గుడ్లు తినేవాడు. కానీ ప్రకటనలో అన్ని కోణాలూ పట్టవు.

ఇక ఫొటో మిగిలింది. ఆస్పత్రి మంచం మీద ఉన్న పెద్దాయనకు మంత్రిగారు స్వహస్తాలతో మొదటి ముద్ద తినిపించాలి. ఆ మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ముహూర్తం. ఏడున్నరకు ఇంజెక్షన్ చేశారు. ఎనిమిదింటికి పళ్లెం వచ్చింది. త్రాసుగారు పళ్లేనికి అడ్డం నిలబడ్డారు. ఎనిమిదింబావు అయింది, మంత్రిగారు బయల్దేరారన్నారు. ఎనిమిదిన్నర అయింది, ఇంకా బయల్దేరారనే అన్నారు.

అప్పుడు వాళ్లావిడ వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంటుంది. మంచం పక్కన సంచి దింపి, భర్త నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, త్రాసుగారి వైపు తిరిగింది.

"ఈయన తిన్నాడా?"

మంత్రిగారు వస్తున్నారనీ, కోటిమందిలో ఒక్కరికి గానీ ఇలాంటి అదృష్టం పట్టదనీ త్రాసుగారు వివరించారు.

"మీ అదృష్టం మీ దగ్గరే ఉంచుకోండి. తప్పుకోండి" అని ఆవిడ డబ్బా మూత తీసింది. త్రాసుగారు త్రాసు తీశారు. ఆవిడ ఆయన్ని ఒక చూపు చూసింది. ఆ చూపు నేను వర్ణించలేను గానీ, త్రాసు తిరిగి జేబులోకి వెళ్లిపోయింది. పెద్దాయన రెండు గుడ్లూ, రొట్టె ముక్కా నిదానంగా నమిలి తిన్నాడు. ఆవిడ నీళ్ల గ్లాసు పట్టుకుని, ఆఖరి ముద్ద దాకా పక్కనే నిలబడింది. మూడు రోజుల తర్వాత ఒక మనిషి మంత్రిగారి కోసం ఆగకుండా తినడం చూశాను. ఎందుకో నా కళ్లు చెమర్చాయి.

మంత్రిగారు పదకొండింటికి వచ్చారు. కెమెరాలు సర్దుకున్నాయి. మంత్రిగారు చెంచా ఎత్తారు. పెద్దాయన చేతులు జోడించాడు.

"వద్దండయ్యా. కడుపు నిండిపోయింది. ఇంకోటి తింటే చక్కెర పెరుగుతుంది."

చెంచా గాల్లోనే ఉంది. తిననని పథ్యం పాటించే రోగిని ఏం చేయాలో కార్యక్రమ పత్రంలో లేదు. త్రాసుగారు వంతెనల శాఖ మనిషి, ఎక్కడ తెగినా అతుకు వేయడం వాళ్లకు అలవాటే. నన్ను చొక్కా విప్పమన్నారు. పక్క మంచం మీద పడుకోబెట్టి, గడ్డం దాకా దుప్పటి కప్పారు. మంత్రిగారు నా నోట్లో గుడ్డు ముక్క పెట్టారు. నేను పొద్దున్నే తినే వచ్చాను, అయినా కృతజ్ఞతతో నమిలాను. ఫొటో అద్భుతంగా వచ్చింది. ప్రాణాపాయం నుంచి బయటపడ్డ డ్రైవరు అని కింద నేనే రాశాను. ఫొటో పై పైకి వెళ్లి, ప్రభుత్వాధినేతగారి గదిలో గోడకెక్కింది.

వారం తర్వాత పెద్దాయన డ్యూటీలో చేరడానికి ఆఫీసుకి వచ్చాడు. గుమాస్తా ఫైలు తెరిచాడు, ఫొటో చూశాడు, ఆయన్ని చూశాడు. ఫైల్లో ఉన్న డ్రైవరు మీరు కాదన్నాడు. పెద్దాయన తన కార్డు చూపించాడు. కార్డు శాఖ ఇచ్చింది, ఫొటో ప్రభుత్వాధినేత గోడ మీద ఉంది, ఏది పెద్దదో మీరే చెప్పండన్నాడు గుమాస్తా. ఫైలు త్రాసుగారి దగ్గరికి వెళ్లింది. ఫొటో మార్చడం అసాధ్యమనీ, మనిషిని మార్చడం సులభమనీ ఆయన తేల్చారు. పెద్దాయన ఎవరన్నది కమిటీ నిర్ణయించేదాకా పూర్తి జీతంతో ఇంట్లోనే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. కమిటీ నివేదికకు ఆరు నెలలు గడువు. మెమో ఇద్దామంటే ఎవరికివ్వాలో తేలలేదు. పెద్దాయన ఉత్తర్వు రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగి వెళ్లాడు.

ఫైల్లో ఉన్న డ్రైవరు తక్షణం విధుల్లో చేరాలని రెండో ఉత్తర్వు. అది నా పేరు మీద వచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక సైకిలు తప్ప ఏదీ నడపలేదు. ఆ మాట చెప్పబోతే, ఫొటో అబద్ధమంటారా అని త్రాసుగారు అడిగారు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేను ఏ ఫొటోనూ అబద్ధమనలేదు.

ఈ రోజు యాత్ర రెండో విడత మొదలు. అతిథిగృహం ముందు, ఇంజను ఆడుతున్న కారులో, స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాను. వెనక సీట్లో మంత్రిగారు, ఒళ్లో ఎర్ర పెట్టె. పోనియ్, ప్రజలు ఆకలితో ఎదురుచూస్తున్నారని రెండుసార్లు అన్నారు. పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన చాలా ప్రేమగా పలకరించి, కాళ్ల దగ్గర మూడింట్లో మధ్యలో ఉండేది బ్రేకు బాబూ అని చెప్పాడు. మిగతా రెండూ ఏమిటని అడిగేలోపే, టిఫిన్ వేళయిందని ఫోన్ పెట్టేశాడు.