ముహూర్తం షాటులో ప్రాణవాయువు

ఆ రోజు పొద్దున రమామణి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధురానగర్‌లో ఆటో ఎక్కి ఫిల్మ్‌నగర్‌లో దిగడం, గాజు బీకరులో ఉప్పునీళ్ళు పోసి ప్రయోగం చూపించడం, మధ్యాహ్నం పాఠం చెప్పడానికి కాలేజీకి చేరుకోవడం. సినిమాలో నాయిక శాస్త్రవేత్త. ఆమె చేసే ప్రయోగం నిజమైనదే కావాలని దర్శకుడు గోపాలకృష్ణకు బుద్ధి పుట్టింది.

రమామణి ఆరేళ్ళు పరిశోధన చేసింది దానిమీదే. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు, బ్యాటరీకి తగిలించిన రేకు దగ్గర ఖర్చయిపోతూ ఉంటుంది. అక్కడ అయస్కాంతం పెడితే నీళ్ళు వాటంతట అవే కదిలి కొత్త ప్రాణవాయువును రేకు దగ్గరికి తెస్తాయి, కరెంటు పెరుగుతుంది. మీటరులో ముల్లు కాస్త లేస్తుంది, అంతే. కాలేజీలో ఎవరూ ఆ ముల్లును పట్టుమని ఒక నిమిషం చూడలేదు. ఒక్కరైనా చూసి నోరు తెరవాలని ఆవిడ ఆశ.

"ముల్లు కదిలితే మీ ప్రయోగమే తీస్తాను మేడమ్. కదలకపోతే రంగునీళ్ళు పెట్టి పొగ వదిలేస్తాం. హీరోయిన్ భోజనం వేళకి వెళ్ళిపోతుందండీ," అన్నాడు గోపాలకృష్ణ.

రమామణి నీళ్ళు అడిగింది. ప్రొడక్షన్ మేనేజర్ సెబాస్టియన్‌ది ఎర్రగడ్డ. గొప్పవాళ్ళు సెట్‌కు వస్తే కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప మరొకటి ఇవ్వడు. చదువుకున్నావిడ కదా అని ఈసారి ఇంకాస్త ఎక్కువ మరిగించి మరీ తెచ్చాడు.

రమామణి ఉప్పు కలిపి, తీగలు తగిలించి, అయస్కాంతం పెట్టింది. ముల్లు తపస్సులో ఉన్నట్టు కూర్చుంది.

"అయస్కాంతం చిన్నదేమో!" అన్నాడు గోపాలకృష్ణ. ఆ మాట రావడమే తరువాయి, ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళు పక్కనున్న డబ్బింగ్ థియేటరుకు పరుగెత్తి, అక్కడి పెద్ద స్పీకరు విప్పి దాని అయస్కాంతం పట్టుకొచ్చారు. అది వస్తూనే కెమెరా ట్రాలీ పట్టాలను కరుచుకుంది. నలుగురు కలిసి లాగితే ఊడివచ్చి, మేకప్ అతని కత్తెరనీ, గోపాలకృష్ణ తాళాల గుత్తినీ లాక్కుంది. ఈలోగా డబ్బింగ్ వాళ్ళు "మా స్పీకరు ఏదండీ?" అని తగువుకు దిగారు. గోపాలకృష్ణకు తలప్రాణం తోకకు వచ్చింది. "పొగ మిషను తెండయ్యా!" అని అరిచాడు.

రమామణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బీకరు మీద చెయ్యి వేసింది. గోరువెచ్చగా తగిలింది.

"సెబాస్టియన్ గారూ, ఈ నీళ్ళు కాచారా?"

"మంచిగ కాచిన మేడమ్! ఒక్క పురుగు గూడ బతకది."

"పురుగుతో పాటు ప్రాణవాయువు కూడా పోయిందండీ! మరిగిస్తే కరిగిన గాలంతా వెళ్ళిపోతుంది. ఇప్పుడు మళ్ళీ గాలి కలవాలి, ఎత్తు నుంచి తిరగబోయండి."

"చాయ్ లెక్కనా? గదెంత పని, ఫికర్ చెయ్యకుండ్రి," అని సెబాస్టియన్ రెండు గిన్నెలు తెచ్చి, చెయ్యి తల మీదికెత్తి, బారెడు పొడవున ఉప్పునీళ్ళు తిరగబోశాడు.

అంతా సిద్ధమైందనుకునే వేళకు నిర్మాత భార్య శకుంతలమ్మ కుంకుమ భరిణెతో వచ్చింది. "ముహూర్తమని కెమెరాకి బొట్టు పెట్టాం, లైట్లకి పెట్టాం. ఈ గ్లాసుని మరిచిపోయామమ్మా, అందుకే ఈ దిష్టి," అంటూ బీకరుకు బొట్టు పెట్టబోయింది. చిటికెడు కుంకుమ నీళ్ళలో పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకుంది రమామణి. ఇంక ఆశ లేకుండానే స్పీకరు అయస్కాంతం మీద బీకరు పెట్టి బ్యాటరీ కలిపింది.

ముల్లు లేచింది. కానీ ముల్లును ఎవరూ చూడలేదు. బీకరులో కుంకుమ నలుసులు మెల్లగా, చెంచా లేకుండా, చెయ్యి తగలకుండా, రేకు చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాయి. ఎర్రటి దారం ఒకటి నీళ్ళలో తనను తాను చుట్టుకుంటున్నట్టుంది. తగువుకు వచ్చిన డబ్బింగ్ వాళ్ళు తగువు మరిచిపోయారు. సెబాస్టియన్ సిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఎవరు తిప్పుతున్నారమ్మా?" అంది శకుంతలమ్మ గుసగుసగా.

"ఎవరూ లేరండీ. నీళ్ళలో పారే కరెంటును అయస్కాంతం పక్కకి నెడుతోంది," అంది రమామణి. ఆరేళ్ళూ ఆవిడ చూసింది ముల్లునే. నీళ్ళు కదులుతాయని లెక్కల్లో రాసింది తప్ప, కదలగా చూడటం ఆవిడకూ ఇదే మొదలు. అందరికంటే ముందు నోరు తెరిచింది ఆవిడే.

చాలాసేపటికి గోపాలకృష్ణ తేరుకుని, "కట్!" అన్నాడు.

"ఏం కట్ సార్? మీరు యాక్షన్ అనలేదు. నేనూ బీకరే చూస్తూ నిలబడిపోయాను," అన్నాడు కెమెరామన్.

మళ్ళీ తిరగబోశారు, మళ్ళీ కుంకుమ వేశారు. నీళ్ళు మళ్ళీ అంతే బుద్ధిగా తిరిగాయి. ఈసారి కెమెరా కూడా తిరిగింది.

సినిమా విడుదలైన రోజు హాలంతా ఆ దృశ్యానికి నిశ్శబ్దమైపోయింది. రమామణికి ఒళ్ళు పులకరించింది. వెనక సీటులో ఒకాయన, "గ్రాఫిక్స్ అదరగొట్టిండ్రు!" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి, "గ్రాఫిక్స్ కాదండీ, నిజం నీళ్ళు! నేనే చేశాను, నా పేరు రమామణి," అంది. ఆయన నమ్మనట్టు నవ్వాడు.

చివర్న పేర్లు పడ్డాక నమ్మాడు. గ్రాఫిక్స్ కింద మొదటి పేరు ఆవిడదే.