రాగి లెక్కలో నిక్కచ్చి

"మా ప్రభుత్వంలో అబద్ధానికి చోటు లేదు. నాలుగో దశాంశంలో కూడా లేదు!" అని మంత్రిగారు మా ల్యాబులో రిబ్బన్ కత్తిరించి ప్రకటించారు. అటెండర్ని కనక ముందుగా చప్పట్లు కొట్టాల్సింది నేనే. కొట్టాను.

కొత్తగా వచ్చింది చిన్న యంత్రం. గోరంత లోహాన్ని యాసిడ్‌లో కరిగించి కరెంటు పంపితే, అందులోని రాగంతా వచ్చి ప్లాటినం జాలీకి అంటుకుంటుంది. జాలీకి పెరిగిన బరువే రాగి. మొదటి పరీక్షకి మంత్రిగారే స్వయంగా, తన బావమరిది పెద్దాసుపత్రికి సప్లై చేసిన వైరు ముక్క పంపారు. క్రితం వారమే అక్కడ గోడలో వైరు అంటుకుని, రోగుల్ని మంచాలతో సహా బయటికి మోశారు. అయినా పరీక్షకి పెట్టారంటే ఎంత గుండెధైర్యం!

మా కెమిస్టమ్మ ఐదుసార్లు చేసింది. ఐదోసారి జాలీ తూచి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"రాగి ఇరవై ఏడు శాతం. లోపలంతా అల్యూమినియమే, పైన రాగి పూత."

మర్నాడు మంత్రిగారు బావమరిదినీ విలేకర్లనీ వెంటబెట్టుకుని దిగారు. "ఎంతొచ్చిందమ్మా?"

"27.31, 27.32, 27.31, 27.31, 27.32 అండీ."

బావమరిది జేబురుమాలు తీశాడు. మంత్రిగారు తొణకలేదు. మేధావి కదా!

"ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎంత?"

"పాయింట్ సున్నా ఒకటి."

"రాసుకోండి!" అన్నారు విలేకర్లతో. "ఆసుపత్రి వైరులో తేడా పాయింట్ సున్నా ఒకటే!"

"సార్, అది మా కొలతలో తేడా. వైరులో కాదు."

"కొలతా మనదే, వైరూ మనదే. మనలో మనకి తేడాలెందుకమ్మా?"

ఐదుసార్లు అడిగినా మాట మార్చని వైరుగా దానికి నాణ్యతా పతకం వచ్చింది. ఇంకో మూడు ఆసుపత్రులకి ఆర్డరు వెళ్లింది.

కెమిస్టమ్మ ఊరుకోలేదు. అసలు అంకె రాసి, సంతకం పెట్టి, ఆ కాగితం నాచేత ఆసుపత్రి సూపరింటెండెంటుకి పంపింది. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి, "ఇది పైనుంచి రావాలి బాబూ" అని నాకే తిరిగిచ్చాడు. పైనున్నది మంత్రిగారే.

నాలుగు రోజులకి మంత్రిగారి పీఏ వెనక తలుపు గుండా వచ్చి, బల్ల మీద ఓ వైరు చుట్ట పెట్టాడు.

"సార్ కొత్తిల్లు కడుతున్నారు. ఇది బావమరిదిగారి సరుకు కాదు లెండి. అయినా ఒకసారి గట్టిగా చూడండమ్మా" అని గొంతు తగ్గించాడు. "అందులో మనుషులుంటారు."