మన బడి, 89 బ్యాచ్, నాంపల్లి

ఆదివారం టీ చల్లారేలోగా గ్రూపును నిద్ర లేపాలి. ఆ పొద్దున మహీధర్ పెట్టుకున్న పని అంతే. ఆబిడ్స్‌లో రబ్బరు స్టాంపుల దుకాణం నడుపుకునే ఈ మనిషి, రెండేళ్ల కిందట తన హైస్కూలు దోస్తుల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పేరు "మన బడి, 89 బ్యాచ్, నాంపల్లి". బడి పేరు రాయలేదు. మన బడి ఏదో మనకు తెలియదా అనుకున్నాడు. చేరినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, గులాబీపూల గుడ్ మార్నింగ్‌లు తప్ప ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పోయిన ఏడాది అందరం కలుద్దామని పిలిస్తే వచ్చింది ముగ్గురు. తెలుగు చెప్పిన శేషారత్నం టీచర్ మాత్రం కొత్త చీర కట్టుకుని హిమాయత్‌నగర్ నుంచి ఆటోలో వచ్చారు. ఖాళీ కుర్చీల వంక చూసి, "వాన కదరా, పాపం, ఎలా వస్తారు?" అన్నారు. బయట ఎండ మండిపోతోంది. ఆ మాట మహీధర్‌ను ఏడాదంతా గుచ్చుతూనే ఉంది. ఈసారి హాలు నింపి చూపిస్తానని ఆమెకు మాటిచ్చాడు.

ఫోన్‌లో పేర్లు వెతుకుతూ "రాజేందర్" దగ్గర ఆగి, టక్కున గ్రూపులో కలిపేశాడు. వాళ్ల క్లాసులో రాజేందర్ ఒకడుండేవాడు, నిజమే. ఫోన్‌లో ఉన్న రాజేందర్ మాత్రం ఎప్పుడో స్టాంపు చేయించుకుపోయిన గిరాకీ. ఆ సంగతి మహీధర్‌కు తట్టలేదు.

కప్పు కింద పెట్టేలోగా రాజేందర్ నుంచి జవాబు వచ్చింది. "అరే భై! మనోళ్లు దొరికిన్రు! ఇంటర్వెల్ల సమోసాలు, లెక్కల సార్ బెత్తం, గోడ దుంకి సినిమాకు పోవుడు... యాదున్నయా?"

ఎవరికి ఉండవు? గ్రూపు లేచి కూర్చుంది. బ్యాంకులో పనిచేసే బుచ్చిబాబు, "నా వెనక బెంచీవాడివి కదూ! నీ మొహం కళ్ల ముందు ఆడుతోందనుకో" అని రాశాడు. పాత స్నేహితుణ్ణి గుర్తుపట్టలేదని ఒప్పుకోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. "ఏడో క్లాసుల నా జామెట్రీ బాక్స్ కిటికీలకెంచి ఇసిరేసింది నువ్వే కద మహీ?" అని రాజేందర్ అడిగితే, కాదంటే నడుస్తున్న గ్రూపు ఎక్కడ ఆగిపోతుందోనని మహీధర్ వెంటనే "మాఫ్ చెయ్ భై" అని దండం బొమ్మ పెట్టాడు.

ఆ ఊపులో రాజేందర్ తననూ అడ్మిన్ చేయమన్నాడు, మనవాళ్లందర్నీ పట్టుకొస్తానన్నాడు. మహీధర్ చేశాడు. ఇక చూసుకోండి, రోజుకో కొత్త పేరు. పుట్టినరోజు కేకులు, మోకాలి ఆపరేషన్ల ముచ్చట్లు, దవాఖానలో ఎవరి మామకో రక్తం కావాలంటే పరుగెత్తే మనుషులు. మహీధర్ నేల మీద నడవడం మానేశాడు.

"గీ పరశురాం ఎవరు? మన పెండ్లికి రాలె, పేరంటానికి రాలె" అంది భార్య విద్యావతి, గ్రూపు ఫొటోలు చూస్తూ.

"నా క్లాస్‌మేటే."

"ఏడ కూసుంటుండె?"

"జర ఊకో. ఇంకా చానా మెసేజ్‌లు చూడాలె నేను."

కలిసే రోజు రానే వచ్చింది. హాలు సంగతి తనకు వదిలేసి, టీచరమ్మను మాత్రం తెమ్మన్నాడు రాజేందర్. మొజంజాహీ మార్కెట్ దగ్గరి హాలు ముందు మహీధర్ ఆమెను చెయ్యి పట్టుకుని ఆటో దింపాడు. లోపల ఒక్క కుర్చీ ఖాళీ లేదు. మహీధర్ గుండె ఉప్పొంగింది. తరవాత తలెత్తి బ్యానర్ చూశాడు. "చంద్రికా హైస్కూల్ పూర్వ విద్యార్థుల సమ్మేళనం" అని ఉంది.

మహీధర్ చదివింది జ్ఞానమంజరిలో. కుర్చీలన్నీ తరచి చూస్తే ఆ బడివాళ్లు తనూ, బుచ్చిబాబూ, పోయిన ఏడాది వచ్చిన మిగతా ఇద్దరూ.

ఎదురొచ్చిన రాజేందర్‌ను స్తంభం చాటుకు లాక్కుపోయి ఉన్నమాట చెప్పేశాడు. రాజేందర్ నోరు తెరిచాడు. "ఏందీ! మరి నా జామెట్రీ బాక్స్ ఎవరు ఇసిరేసిన్రు? నువ్వు మాఫీ గూడ అడిగినవ్ గద!"

"గ్రూపు మంచిగ నడుస్తున్నది, ఎందుకు చెడగొట్టుడని..."

"నాకు గూడ నువ్వు యాదికి రాలె, బాక్స్ ముచ్చట అందాజతోని అడిగిన. ఎవరు నువ్వని అడిగితే ఏమనుకుంటవో అని ఊకున్న. టీచరమ్మ బీ సెక్షన్‌కు చెప్పిన్రేమో అనుకున్న. మా టీచర్లు ఒక్కరు గూడ దొరకలె తమ్మీ. గిప్పుడు మైకుల చెప్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఇజ్జత్ సంగతి దేవుడెరుగు, టీచర్‌కు ఏం చెప్పాలో తెలియక మహీధర్‌కు ఏడుపొచ్చింది. స్టేజీ మీద ఆమె కుర్చీ ముందు మనుషులు వరస కట్టారు. ఒక్కొక్కరూ కాళ్లకు దండం పెట్టి, "టీచర్, గుర్తుపట్టిన్రా?" అంటున్నారు. "ఎందుకు గుర్తులేదురా! ఇప్పటికైనా అల్లరి తగ్గిందా?" అని ఆమె ఒక్కొక్కరి తల నిమురుతున్నారు. మొగులయ్య అనే బట్టతల పెద్దమనిషి ఆ మాటకే కళ్లు తుడుచుకుంటూ దిగాడు.

మహీధర్ వెళ్లి ఆమె చెవి దగ్గర వంగాడు. "టీచర్, పెద్ద పొరపాటైంది. వీళ్లు మన బడోళ్లు కాదు."

"బ్యానర్ చదవడం రాదనుకున్నావా? తెలుగు టీచర్నిరా నేను" అన్నారామె, చిరునవ్వు చెదరనివ్వకుండా.

"మరి అందర్ని గుర్తుపట్టిననంటున్నరు?"

"బతుకంతా పాఠాలు చెప్పాను. ఎంతమందినని గుర్తుపెట్టుకోను నాయనా? పోయినేడు నిన్నూ ఇలాగే గుర్తుపట్టాను. కాస్త పక్కకి జరుగు, పాపం, వాళ్లకి అడ్డం."

మహీధర్ జరిగాడు.

భోజనాలయ్యాక, గ్రూపు పెట్టి అందర్నీ కలిపిన మనిషని చంద్రికా హైస్కూల్ పూర్వ విద్యార్థుల సంఘానికి అతణ్ణే ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. ఆ బడిలో తన చిన్ననాటి రోజులు తలుచుకుని అతను మాట్లాడుతుంటే, హాల్లో చాలామందికి కళ్లు చెమర్చాయి.